స్వారి యున్నది, ముద్ర యేది?

గత జ్యేష్ఠమాసమున మా నరసరావుపేటలో బంధువుల యింట వివాహము జరిగినది. వరుని ఊరేగింపునకు గుఱ్ఱమును మాటలాడిరి. నా చిన్నతనమున రైలుస్టేషను ముంగిట జట్కాబండ్లు బారులు తీరి యుండెడివి. తెర దించిన జట్కాలో కూర్చుండి పోవు మాకు డెక్కల చప్పుడు వినుటయే గాని గుఱ్ఱపు ముఖమును తేరిపార చూచు భాగ్యము లేదు. నేడు జట్కాలు లేవు. గుఱ్ఱమన్నచో పెండ్లిగుఱ్ఱమే.

ఆ గుఱ్ఱము యజమాని వృద్ధుడు. ఒంట్లో నలతగా నున్నదని కూతును వెంట తెచ్చుకొనెను. పదునెనిమిదేండ్ల పిల్ల. ఊరేగింపు ముగిసి, వరుడు దిగి, బాణసంచా మ్రోతలు సద్దుమణగిన పిమ్మట ఆమె గుఱ్ఱముపై నున్న ముఖమలు గుడ్డలును కుచ్చులును విప్పి మూటగట్టెను. తండ్రిని ఆటోలో ఎక్కించి పంపెను. తరువాత ఒక్క గెంతున గుఱ్ఱము నెక్కి, ఎడమచేత పగ్గములు రెండును కలిపి పట్టి, కుడిచేత మూటను అదిమి పట్టుకొని, సందు మలుపున గుఱ్ఱమును గిఱ్ఱున త్రిప్పి వెడలిపోయెను. పట్టుకోకలు సవరించుకొనుచు నిలుచున్న పెద్దవారము చూచియు పట్టించుకొనలేదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి సెలవులకు వచ్చిన మా అమ్మాయి కూతురు మాత్రము నా చేయి పట్టి గుంజినది.

“అమ్మమ్మా, చూశావా! ఆ అక్క ఒంటిచేత్తో తిప్పింది. మాకు వెస్టర్న్ రైడింగ్ అని నేర్పేది ఇదే!”

మఱునాడు మిగిలిన సొమ్ము కొఱకు ఆ పిల్ల వచ్చినప్పుడు మా మనుమరాలు ఆమెను వదలలేదు. ఒకతెకు తెలుగు కొంచెమే వచ్చును, మఱియొకతెకు ఇంగ్లీషు కొంచెమే వచ్చును. అయినను గుఱ్ఱముల మాటలకు వారికి భాష చాలక పోలేదు. నేను మజ్జిగ యిచ్చి, “చదువు సంగతి యేమమ్మా?” యని యడిగితిని. “ఇంటరు అయ్యిందండీ అమ్మగారూ. డిగ్రీకి దరఖాస్తు పెట్టాను. అందులో ఆటల కాలమ్ ఉంది. గుఱ్ఱపుస్వారి అని రాశాను. ఏ సంఘం పోటీ, ఆ సంఘానికి గుర్తింపు ఉందా అని అడిగి కొట్టేశారు. నాకు గుఱ్ఱం ఉంది గాని కాగితం లేదండీ” అనెను.

మా మనుమరాలికి సొంత గుఱ్ఱము లేదు. గెలిచిన రంగురంగుల పట్టీలు, కాగితములు మాత్రము గోడనిండ నున్నవట. అవి యైనను మన దేశమున చెల్లునా యని విచారింపగా, చెల్లవని తేలినది. ఒకే తీరున స్వారి చేయు ఇద్దఱు పిల్లలకు ఇరుప్రక్కలను తలుపులు మూసియుండుట నాకు వింతగా తోచి, ఈ గుర్తింపు అనునది యెవరి చేతిలో నున్నదో కొంత తెలిసికొంటిని. ఆడుపిల్లలు గల సోదరీమణులకు ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాను.

వెస్టర్న్ స్వారి యనగా పాశ్చాత్యుల స్వారి యని మనమనుకొందుము. అది పొరపాటు. పాశ్చాత్యులలో హెచ్చుమంది నేర్చునది ఇంగ్లీషు స్వారి. వెస్టర్న్ అన్నది అమెరికా దేశపు పడమటి మైదానములను బట్టి వచ్చిన పేరు. స్పెయిను వారు మెక్సికోకు గుఱ్ఱములను, పశువులను కొనిపోయిరి. అచ్చటి పశువుల కాపరులు దినమంతయు జీనుమీదనే యుండి మందలను మళ్ళించెడివారు. మన కాపరికి చేతికఱ్ఱ యెట్లో వారికి పలుపు త్రాడు అట్లు. కుడిచేయి త్రాటికి కావలెను గనుక ఎడమచేయి యొక్కటియే పగ్గములకు మిగులును. కావున వారి గుఱ్ఱములకు నోటిని లాగి త్రిప్పుట గాక, పగ్గము మెడకు తాకినంతనే అవతలి వైపునకు తిరుగునట్లు నేర్పుదురు. జీను బరువైనది. ముందు భాగమున త్రాడు చుట్టుటకు కొమ్మువంటి పిడి యుండును. రికాబులు పొడవుగా వ్రేలాడును, కాళ్ళు చాపినట్లుండును. ఇంగ్లీషు స్వారిలో జీను తేలికైనది, రికాబులు పొట్టివి, రెండు చేతులతోను పగ్గములను పట్టి గుఱ్ఱపు నోటితో ఎడతెగని సంబంధము నుంచుకొందురు. అది వేటనుండియు సైన్యమునుండియు వచ్చినది.

రెండును విద్యలే. కాని సైన్యపు విద్యకు ముందుగా ముద్ర పడినది. కాపరి విద్య చాలకాలము గుమ్మము బయటనే నిలుచున్నది.

ముద్ర వేయువారెవరనిన, 1921లో ఎనిమిది దేశముల సంఘములు కలసి అంతర్జాతీయ అశ్వారోహణ సమాఖ్యను స్థాపించినవి. దాని క్రింద ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క జాతీయ సమాఖ్య. ఒక స్వారివిధానమును ఈ సమాఖ్యలు గుర్తించినవనగా, దానికి వ్రాతమూలకమైన నియమము లేర్పడును; న్యాయనిర్ణేతలకు శిక్షణ నిత్తురు; గుఱ్ఱమును పశువైద్యుడు పరీక్షించును; మత్తుమందు పెట్టినచో పట్టుకొందురు; దేశము పేర జట్టు పోవును. గుర్తింపు లేనిదానికి ఇవి యేవియు నుండవు. ఎంత చక్కగా స్వారి చేసినను అది వినోదము క్రిందనే లెక్క.

ఈ తలుపు మూయబడినది కాపరులకు మాత్రమే కాదు. ఒలింపిక్ క్రీడలలో 1948 వఱకును గుఱ్ఱపుస్వారి పోటీలలో పాల్గొను అర్హత సైనికాధికారులకును, జీతమునకు పని చేయని దొరలకును మాత్రమే యుండెడిది. సామాన్య సిపాయికి లేదు. స్త్రీకి అసలే లేదు. 1948లో లండనులో స్వీడను జట్టు డ్రెస్సాజ్ అను పోటీలో స్వర్ణపతకము గెలిచెను. డ్రెస్సాజ్ అనగా సంగీతమునకు నర్తకి వలె గుఱ్ఱము రౌతు సూక్ష్మసంజ్ఞలకు అడుగులు వేయు విద్య. ఆ జట్టులో గేనాల్ పెర్సన్ అను నతడు నిజమునకు సార్జెంటు. పోటీ కొఱకు అతనికి అధికారి హోదా నిచ్చి, పోటీ ముగిసిన కొలదివారములకు మఱల తీసివేసిరి. ఆ సంగతి బయటపడి 1949లో జట్టు పతకమునే రద్దు చేసిరి. గుఱ్ఱము అవే అడుగులు వేసినది, రౌతు అతడే. భుజము మీది పట్టీ మాఱినందున బంగారము పోయినది! ఇంత వెక్కిరింతకు గురియైన నియమము ఎంతకాలము నిలుచును? 1952లో హెల్సింకీ క్రీడలనాటికి సిపాయిలకును పౌరులకును, డ్రెస్సాజులో స్త్రీలకును తలుపు తెఱచిరి. ఆ సార్జెంటు ఆ యేడు మఱల వచ్చి స్వీడను జట్టుతో స్వర్ణము గెలిచెను.

ఆ హెల్సింకీలో పాల్గొన్న స్త్రీలు నలుగురు. వారిలో డెన్మార్కునుండి వచ్చిన లిస్ హార్టెల్ అను నామె కథ ప్రతి తల్లియు తెలిసికొనదగినది. 1944లో ఇరువదిమూడేండ్ల ప్రాయమున, గర్భవతిగా నుండగా, ఆమెకు పోలియో సోకినది. బిడ్డ క్షేమముగా పుట్టినది గాని తల్లికి మోకాళ్ళ దిగువ కాళ్ళు పడిపోయినవి. మొదట చేతు లెత్తుట, తరువాత ప్రాకుట, ఆపైన ఊతకఱ్ఱలతో నడచుట ఆమె పసిబిడ్డతో పాటుగా తానును క్రొత్తగా నేర్చుకొనెను. గుఱ్ఱమెక్కుటకు దిగుటకు ఇతరులు పట్టుకొనవలసినదే. జీనుపై కూర్చున్న పిదప మాత్రము, కాలిమడమల ఒత్తిడితో చెప్పవలసిన సంజ్ఞలను నడుము బరువుతోను వీపుతోను చెప్పునట్లు జూబిలీ యను తన గుఱ్ఱమునకు అలవాటు చేసెను. అట్లు పురుషుల నడుమ పోటీ చేసి రజతపతకము గెలుచుకొనెను. 1956లో మఱల రజతమే. అంగవైకల్యము గలవారికి స్వారి ఒక చికిత్సగా ఐరోపాలో వ్యాపించుటకు ఈమె విజయమొక కారణమని చెప్పుదురు.

పిదప తక్కిన తలుపులును ఒక్కొక్కటిగా తెఱచుకొన్నవి. గుఱ్ఱమును అడ్డుకట్టలు దాటించు పోటీలో 1956లో ఇంగ్లండు వనిత ప్యాట్ స్మైత్ తన జట్టుతో కాంస్యము గెలిచెను. మైదానములు, గుంటలు, నీటికాలువలు దాటవలసిన ఈవెంటింగ్ అను కఠినమైన పోటీలో 1964లో అమెరికా వనిత లానా డుపాంట్ మొదటిసారిగా ప్రవేశించి జట్టుతో రజతము పొందెను. నేడు స్త్రీల కొకటి, పురుషుల కొకటి యని లేక ఇరువురును ఒకే వరుసలో తలపడు ఒలింపిక్ క్రీడ యేదన, గుఱ్ఱపుస్వారియే. ఒకప్పుడు స్త్రీలను లోనికి రానీయని క్రీడయే స్త్రీలను పురుషులతో సమానముగా నిలబెట్టినది. వింత గాదా!

ఇక కాపరుల స్వారి మాట. అమెరికాలో క్వార్టర్ హార్స్ జాతి గుఱ్ఱములకు 1940లో సంఘ మేర్పడినది. రెయినింగ్ అను పోటీకి 1966లో ప్రత్యేక సంఘ మేర్పడినది. దౌడు తీయుచున్న గుఱ్ఱమును వెనుకకాళ్ళపై జాఱునట్లు ఒక్కమాఱు నిలుపుట, వెనుక కాలొకటి నేల నాటి బొంగరమువలె చుట్టు త్రిప్పుట, దౌడులోనే వెనుదిరిగి మఱల దౌడు పట్టించుట ఇందలి ముఖ్య విద్యలు. ప్రతి రౌతుకును మొదటనే 70 గుణము లిచ్చి, ఒక్కొక్క విన్యాసమునకు కలుపుచు తీసివేయుచు పోదురు. ఈ రెయినింగును 2000లో అంతర్జాతీయ సమాఖ్య గుర్తించినది. కాపరుల స్వారినుండి ఆ గౌరవము పొందిన మొదటి విధాన మిదియే. 2002లో స్పెయినులోని హెరెజ్ పట్టణమున జరిగిన ప్రపంచ పోటీలలో చేరినది. తాతలనాడు స్పెయిను విడిచి పోయిన విద్య మనుమలనాడు మెడలో పతకముతో పుట్టింటికి వచ్చినట్లయినది. ఒలింపిక్సులోనికి మాత్రము రాలేదు.

ఆ సంబంధము నిలువలేదు. మూడేండ్ల గుఱ్ఱములకు పెద్ద బహుమానములతో పోటీలు పెట్టుట అమెరికా సంఘముల అలవాటు. అంత లేత వయస్సున గుఱ్ఱమును అంత శ్రమ పెట్టరాదని సమాఖ్య నియమము. మందుల పరీక్షలయందును, పోటీల పర్యవేక్షణయందును ఇట్టి తగాదాలే. 2018లో ఒప్పందము తెగినది. 2021లో సమాఖ్య సర్వసభ్య సమావేశము రెయినింగును తన జాబితానుండి తొలగించినది. ఇరువది యొక్క యేండ్లకు ముద్ర చెఱిగిపోయినది. ఈ వ్యవహారమున నేను సమాఖ్య పక్షమే. లేత గిత్తకు కాడి వేయరాదని పల్నాటి రైతులో నెఱుగని వాడెవ్వడు? గుర్తింపు కావలెనన్నచో గుఱ్ఱపు ఎముకలు ముదురువఱకు ఓర్చుకొనవలెను. అది కష్టమని తోచినవారికి తమ సంఘములు తమకున్నవి. నేటికిని ఆ పోటీలు అమెరికాలో అట్టహాసముగనే జరుగుచున్నవి.

కాపరుల జీనుతోనే డ్రెస్సాజు చేయువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. వారు 2010లో అమెరికాలో సంఘము కట్టి, ముందుగా నియమములు వ్రాసికొని, 2013లో అమెరికా జాతీయ సమాఖ్య గుర్తింపు పొందిరి. ప్రపంచపు తలుపు తట్టలేదు, తమ యింటి తలుపే తట్టిరి. ఆర్భాటము తక్కువ, పని గట్టిది. మన దేశమున ఎవరికైనను ఇట్టి కోరిక యున్నయెడల ఈ త్రోవయే మేలు.

మన దేశమున ఈ అధికారము 1967లో ఏర్పడిన ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అను సమాఖ్యది. డ్రెస్సాజు, అడ్డుకట్టలు దాటుట, ఈవెంటింగు, దూరపు స్వారి, టెంట్ పెగ్గింగు మొదలైనవి దాని పోటీలు. వెస్టర్న్ స్వారి వీనిలో లేదు. ఇవి యన్నియు సైన్యపు చావడులలో పెరిగినవి. రౌతులును చాలకాలము సిపాయిలే. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో మనకు గుఱ్ఱపుస్వారిలో మూడు స్వర్ణపతకములు వచ్చినవి. ఈవెంటింగులో రఘువీర్ సింగ్ సొంతముగా నొకటి, జట్టుతో కలసి యొకటి గెలిచెను. టెంట్ పెగ్గింగులో రూపీందర్ సింగ్ బ్రార్ మఱియొకటి తెచ్చెను.

టెంట్ పెగ్గింగనగా నేలలో నాటిన కొయ్యమేకును, దౌడు తీయు గుఱ్ఱముమీదనుండి ఈటెతో గ్రుచ్చి పెకలించుకొని పోవుట. ఉత్తరాదివారు నేజాబాజీ యందురు. ఒకచేత ఈటె, ఒకచేత పగ్గములు. అనగా ఇదియు ఒంటిచేతి స్వారియే. ఈ మన విద్యకు అంతర్జాతీయ సమాఖ్య ముద్ర పడినది 2004లో. కాపరుల రెయినింగు కన్నను నాలుగేండ్లు వెనుక. తరతరములుగా మన యింట నున్నదానికి పొరుగింటి ముద్ర అంత ఆలస్యముగా పడినదన్నమాట.

ఢిల్లీ క్రీడల తరువాత నలువదియొక్క యేండ్లు మనకు ఆసియా క్రీడలలో స్వారికి స్వర్ణము లేదు. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్జౌలో డ్రెస్సాజు జట్టు దానిని తెచ్చినది. నలుగురి జట్టులో ఇద్దఱు యువతులు: ఇండోరు పిల్ల సుదీప్తి హజేలా, రాజస్థానపు పిల్ల దివ్యకృతి సింగ్. అనుష్ అగర్వాల్లా, హృదయ్ ఛేడా తక్కిన యిద్దఱు. 1982లో సిపాయిలు గెలిచిన చోట ఇప్పుడు గడపలోని బిడ్డలు గెలిచిరి. దివ్యకృతికి అర్జున పురస్కార మిచ్చిరి. స్వారికి ఆ పురస్కారము పొందిన మొదటి భారత మహిళ ఆమెయే.

అయితే వీరు సాధన చేసినది ఐరోపాలో. ఎక్కినవి అచ్చటి గుఱ్ఱములు. అందఱు తలిదండ్రులకు అది సాధ్యమగునా? మన గుఱ్ఱములను తీసికొని పోవుటకు వీలులేకపోవుటకు కారణము మఱియొక ముద్ర. గుఱ్ఱములకు వచ్చు అంటురోగముల భయముచే మన దేశపు గుఱ్ఱములను ఇతర దేశములవారు సులభముగా రానీయరు. ఇది మనకే వచ్చిన కష్టము కాదు. 1956లో ఆస్ట్రేలియావారు పరాయి గుఱ్ఱములను తమ గడ్డ త్రొక్కనీయకపోగా, ఆ యేటి ఒలింపిక్సులో గుఱ్ఱపుపోటీలు మాత్రము స్టాకుహోములో జరుపవలసి వచ్చినది! మనకు 2025 జూలైలో ఒక మేలు జరిగినది. మీరట్ సైనిక స్థావరమునందలి అశ్వశాలను రోగరహిత ప్రదేశముగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించినది. ఇకమీదట ఆ శాలలో పెరిగిన మన గుఱ్ఱములు సముద్రము దాటుటకు దారి యేర్పడినది. రౌతునకు కాగితము కావలెను, గుఱ్ఱమునకును కాగితము కావలెను!

సమాఖ్యలోపల ఎవరి మాట చెల్లవలెనను తగవును లేకపోలేదు. క్లబ్బులకును సైనికదళములకును ఓటు హక్కుండవలెనా, రాష్ట్ర సంఘములకు ఉండవలెనా యను వ్యాజ్యము ఢిల్లీ హైకోర్టువఱకు పోయినది. దూరపు పట్టణములలోని పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. రాష్ట్ర సంఘమునకు బలము లేనిచో, మాచెర్ల పిల్ల పేరు ఢిల్లీవఱకు మోయువారెవరు? 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడాపరిపాలన చట్టమున, క్రీడాసంఘముల కార్యవర్గములలో కనీసము నలుగురు స్త్రీలుండవలెనను నియమమును చేర్చిరి. ఆ నలుగురు కుర్చీలలో కూర్చుండి ఏమి మాటలాడుదురో చూడవలెను.

పల్నాటికి గుఱ్ఱముతో నేమి పని యని ఎవరైన నడుగవచ్చును. మన మాచెర్ల సీమలోని నాగార్జునకొండ, నేడు సాగరపు నీటి నడుమ దీవి, మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల విజయపురి. ఆ వంశపు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆ సంగతిని రాతిపై నిలిపినవారిలో ముఖ్యురాలు అతని తోబుట్టువు చాంతిసిరి. ఆమె బుద్ధుని మహాచైత్యమునకు స్తంభములు దానము చేసి, ఆ స్తంభములపైని శాసనములలో అన్నగారి యాగములను పేర్కొనెను. అన్న యజ్ఞము చేయువాడు, చెల్లెలు బౌద్ధభక్తురాలు. అయినను అన్న గౌరవమునకు ముద్ర వేసినది చెల్లెలే. యాగాశ్వముపై స్వారి చేయరన్నది వేఱు మాట. దాని గతి యేమగునో చదువరు లెఱుగుదురు. సిద్ధార్థుని మోసికొని నగరము విడిచిన కంథకము మాత్రము అచ్చటి శిల్పములలో నేటికిని అడుగు వేయుచునే యున్నది.

స్త్రీ గుఱ్ఱమెక్కుట మనకు వింతయు కాదు. ఐరోపా దొరసానులు రెండు కాళ్ళను ఒకప్రక్కకే వేసి కూర్చుండు మర్యాద ఇరువదవ శతాబ్దారంభమువఱకు పాటించిరి. పదుమూడవ శతాబ్దమున మన రుద్రమదేవికి అట్టి మర్యాద యేదియు అడ్డు రాలేదు. వరంగల్లు దగ్గఱి బొల్లికుంటలో 2017లో వెలుగుచూచిన శిల్పమున ఆమె ఖడ్గము ధరించి, పగ్గములు పట్టి గుఱ్ఱముపై నున్నది. ఆమెకు ఏ సమాఖ్య గుర్తింపు నిచ్చినది?

దక్కను పీఠభూమి గుఱ్ఱమునకును ఈ మధ్యనే కాగితము దొరికినది. భీమానదీ తీరమున మరాఠా రౌతులు పెంచిన భీమ్‌థడీ గుఱ్ఱమును 2023లో మన దేశపు ఎనిమిదవ గుఱ్ఱపుజాతిగా జాతీయ పట్టికలో చేర్చిరి. ఆ యేడు అదే పట్టికలో చేరిన మఱియొక జంతువు మన మాచెర్ల గొఱ్ఱె! మనవారు దానిని తరతరములుగా కాచుచునే యున్నను, ప్రభుత్వపు లెక్కలో దానికి పేరు వచ్చినది అప్పుడే. మాచెర్ల గొఱ్ఱెకు దొరికినది నరసరావుపేట రౌతుపిల్లకు దొరకకపోవుట న్యాయమా యని మా మనుమరాలితో అంటిని. అది పడిపడి నవ్వినది.

నవ్వులాటకేమి గాని, ఆ పిల్లకు చెప్పవలసిన మాట చెప్పవలెను గదా. మఱల వచ్చినప్పుడు కూర్చుండబెట్టి నాకు తెలిసినంత చెప్పితిని. కాపరుల స్వారికి మన సమాఖ్యలో నేడు చోటు లేదు. దానికొఱకు కాచుకొని కూర్చున్నచో డిగ్రీ ముగియును. ఉన్న తలుపులను చూడవలెను. పశువైద్య కళాశాలల నాశ్రయించి ఎన్.సి.సి.లో రిమౌంట్ అండ్ వెటర్నరీ దళములున్నవి. వానిలో బాలురకును బాలికలకును స్వారి నేర్పుదురు. దాని యోగ్యతాపత్రమునకు విలువ కలదు. హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణకు పోవు యువతీయువకు లందఱును గుఱ్ఱమెక్కి తీరవలెను. పెద్ద చదువుకు పోయి పోలీసు ఉద్యోగములో చేరిన పిల్లలు అచ్చట మొదటిసారి జీను మీద వణకుదురట. నీకు ఆ వణకు లేదు గదా యంటిని. ఇక పోటీకి పోదలచినచో డ్రెస్సాజునకు కావలసిన గుఱ్ఱము మీ తండ్రి తాహతుకు మించినది. టెంట్ పెగ్గింగునకు అంత ఖరీదైన విదేశపు గుఱ్ఱ మక్కఱలేదు. నీ ఒంటిచేతి పట్టు అందుకు పనికివచ్చును. గుర్తింపు కలదు. పోటీకి పోవుటకు ముందు పెండ్లిళ్ళలో బాణసంచాకు బెదరిన గుఱ్ఱమును కొన్నాళ్ళు ప్రశాంతముగా నుంచవలెను.

ఆ పిల్ల అంతయు వినెను. “అబ్బాజాన్‌ను అడగాలండీ అమ్మగారూ. పెండ్లిళ్ళు మానితే ఇల్లు ఎట్లా గడుస్తుంది?” అనెను. దానికి నా యొద్ద సమాధానము లేదు. కొంతసేపటికి తానే, “ఆషాఢంలో ఎట్లాగూ పెండ్లిళ్ళు ఉండవుగా. ఆ నెల చూస్తాను” అనెను.

ఆషాఢము వచ్చినది. మా మనుమరాలు తిరిగి పోవుటకు వారము దినము లుండగా, ఒకనాటి ప్రొద్దున మమ్ము ఊరిబయటకు పిలిచినది. మిరపకాయలెత్తి ఖాళీయైన కల్లము ప్రక్కన బీడు. అచ్చట తాటిమట్ట ముక్క యొకటి నేలలో నాటియున్నది. చేతిలో వెదురుకఱ్ఱ, కొనకు మేకు కట్టినది. తండ్రి చెట్టునీడను మంచముపై కూర్చుండి చూచుచుండెను. మొదటి దౌడున కఱ్ఱ మట్టకు జానెడు ఎడముగా నేలను గీచికొని పోయినది. రెండవసారి తాకి ఊగినది గాని ఊడలేదు. మా మనుమరాలు గట్టుపై నిలుచుండి వ్రేళ్ళు మడచుచు లెక్క పెట్టుచుండెను. అయిదవసారియు తప్పినది. తండ్రి యేమో కేక వేసెను, నాకు వినబడలేదు. ఆ పిల్ల తల యూపి, బీడు చివరన గుఱ్ఱమును ఎడమచేత గిఱ్ఱున త్రిప్పి, మఱల మొదటికి నడిపించుకొని పోయెను.